మామూలు క్షణం యెవరిది?

ఈమధ్య మన పత్రికలలోనూ పుస్తకాలలోనూ ఉపన్యాస వేదికల మీదా ఒక సిద్ధాంతం బాగా చలామణీ అవుతోంది. ఆనందం పెద్ద పెద్ద విషయాలలో లేదట. చిన్న చిన్న క్షణాలలో వుందట. పొద్దుటి కాఫీ మొదటి గుక్కలో వుంది. కిటికీలోంచి గచ్చు మీద పడిన నీరెండలో వుంది. తొలకరి వానకు లేచిన మట్టివాసనలో వుంది. చూసే కన్నుంటే చాలు, మనిషి సుఖపడతాడు. సుఖపడలేనివాడికి కన్ను లేదు, అంతే. ఈ మాటను కవులు కవిత్వంలో చెబుతున్నారు, వ్యక్తిత్వ వికాసం నేర్పేవారు వచనంలో చెబుతున్నారు, పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను కూర్చోబెట్టి, తరగతులు పెట్టించి మరీ చెప్పిస్తున్నాయి.

దీనికి విరుగుడుగా మన అభ్యుదయ శిబిరంలో కొందరు మరో సిద్ధాంతం పట్టుకు కూర్చున్నారు. వారికి మల్లెపువ్వు పేరు వినబడితే చాలు, కవి శత్రువులలో కలిసిపోయాడేమోనని అనుమానం. నీరెండ అంటే పలాయనవాదం. మట్టివాసన అంటే పెటీ బూర్జువా లక్షణం. జనం ఆకలితో అల్లాడుతుంటే నీకు వెన్నెల కావలసి వచ్చిందా అని గద్దిస్తారు.

ఈ రెండు వాదాలూ బద్ధవిరోధుల్లా కనిపిస్తాయి. కాని రెండింటి పునాదీ ఒక్కటే. మామూలు క్షణంలోని అందం ఒంటరి మనిషి స్వంత ఆస్తి అని రెండు పక్షాలవారూ ఒప్పేసుకున్నారు. స్వంత ఆస్తి గనుక అనుభవించమంటారు మొదటివారు. స్వంత ఆస్తి గనుక వదిలిపెట్టమంటారు రెండోవారు. అది స్వంత ఆస్తి కానే కాదని నా వాదన. కన్ను వుంటే సరిపోదు. చూడడానికి తీరిక కావాలి, నిలబడడానికి చోటు కావాలి. తీరికా చోటూ చెట్లకు కాయవు. ఎవరో కష్టపడి తయారు చేసినవి అవి, యెవరో కొట్లాడి నిలబెట్టినవి. అవి వున్నవాడికి క్షణం అందుతుంది. లేనివాడికి గడియారం మాత్రం మిగులుతుంది.

సిద్ధాంతాలను గాలిలో వుంచి తూస్తే బరువు తెలియదు. ఒక చోటు తీసుకుందాం. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణనే తీసుకుందాం. మామూలు క్షణాల అందాన్ని గురించి మాట్లాడడానికి యింతకంటె మంచి చోటు ఆ నగరంలో దొరకడం కష్టం. తెల్లవారుజామున తార్నాకనుంచీ హబ్సిగూడనుంచీ విద్యానగర్‌నుంచీ జనం నడకకు వస్తారు. వేపచెట్ల కింద పెద్దవాళ్లు కూర్చుని లోకవ్యవహారాలు చక్కబెడతారు. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థులు గుంపులు గుంపులుగా చేరతారు. ఎండాకాలంలో తురాయిలు పూస్తే దారి పొడవునా యెర్రగా రాలుతుంది. ఎర్రజీరగల ఆ రాతిమీద పొద్దుగుంకే వేళ యెండ పడితే, ఆ దారిన వంద సార్లు పోయినవాడు కూడా నూట ఒకటోసారి తలెత్తి చూస్తాడు. చూసి ఆనందిస్తాడు. అందులో తప్పేమీ లేదు. తప్పు ఆ తరవాత చేసే వ్యాఖ్యానంలో వుంది.

ఆ ఆనందం నా కంటిలోనే వుంది అన్నాడా, అప్పుడు కొన్ని ప్రశ్నలు అడగవలసి వస్తుంది. ఆ భవనానికి 1934లో శంకుస్థాపన జరిగింది, 1939లో ప్రారంభోత్సవం జరిగింది. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా తయారు చేశాడు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. ఇవన్నీ పుస్తకాలలో వున్నాయి. అయిదేళ్లపాటు ఆ గ్రానైటు రాయిని కొట్టినవాళ్ల పేర్లు, చెక్కినవాళ్ల పేర్లు, భుజాలమీద మోసినవాళ్ల పేర్లు ఆ పుస్తకాలలో లేవు. విశ్వవిద్యాలయానికి ఆనుకునే మాణికేశ్వరి నగర్ వుంది. దానికి జనం పెట్టుకున్న పేరు వడ్డెర బస్తీ. రాయి కొట్టడం, మట్టి తవ్వడం వడ్డెరల కులవృత్తి. ఆ బస్తీలో ఫలానా యింటివారి తాతలే ఆ రాళ్లు చెక్కారని నేననడం లేదు. సాయంత్రపు యెండ అందంగా పడడానికి అక్కడ ముందు నున్నగా చెక్కిన రాయి వుండాలని మాత్రమే అంటున్నాను. ఎండ ఉచితమే. రాయి ఉచితం కాదు.

పక్కనున్న తార్నాక పేరుకు ఒక కథ చెబుతారు. ఉర్దూలో తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు. ఒకప్పుడు అక్కడ ఒక నారింజ తోట వుండేదట; దాని చుట్టూ ముళ్లతీగ కట్టి, మనిషిని కాపలా పెట్టారట; ఆ కాపలా చోటే తార్నాక అయిందట. కథలోని చారిత్రక సత్యాన్ని చరిత్రకారులు తేలుస్తారు. మన చర్చకు మాత్రం అంతకంటె చక్కని ఉపమానం దొరకదు. తోట పూసినప్పుడు పరిమళం కంచె దాటి బయటివాడికి కూడా వస్తుంది. అందుకు సుంకం లేదు. పండు మాత్రం కంచె లోపలే వుంటుంది. 'వాసన నీకూ వస్తోంది గదా, పండు గురించి గోల యెందుకు?' అని బయటివాడికి చెప్పే నీతి పేరే చిన్న ఆనందాల సిద్ధాంతం. ఆ నీతి చెప్పేవారెవరూ పండు మానేసి వాసనతో బతుకుతున్న దాఖలా లేదు.

ఇక తీరిక మాట చూద్దాం. 2017 నవంబరులో తార్నాక మీదుగా మెట్రో రైలు వచ్చింది. ఇవాళ ఆ స్టేషను నీడన మధ్యాహ్నం వేళ ఒక దృశ్యం రోజూ కనిపిస్తుంది. ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రవాళ్లు మోటారు సైకిళ్లమీద కాలు నేలకానించి, ఫోను వైపు చూస్తూ వుంటారు. వాళ్ల తలమీద ఆకాశం వుంది, యెదురుగా చెట్టుంది, చెట్టుమీద పిట్ట కూడా వుండవచ్చు. చూడవలసిన నిమిషాలను మాత్రం ఫోను లెక్కపెడుతోంది. ఆలస్యమైతే తిట్లు, తక్కువ మార్కులు, రేపటి పని తగ్గుతుందేమోనన్న భయం. ఇతనికి సౌందర్యదృష్టి లేదని యెవరైనా అంటే అతని ముఖాన యేమనాలి? దృష్టి వుంది. దాన్ని గంటల లెక్కన యెవరో కొనుక్కుపోయారు.

కొనుగోలు గంటలు పెరుగుతున్నాయి కూడా. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలను మినహాయించి తక్కిన వాణిజ్య సంస్థలలో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చునని ఉత్తర్వు యిచ్చింది. వారానికి 48 గంటలే పరిమితి అనీ, మించితే అదనపు జీతం యివ్వాలనీ అందులో వుంది. బాగానే వుంది. కాని 10 గంటల పనికి రాకపోకలూ మధ్యాహ్నపు విరామమూ కలిపి చూడండి. మల్కాజ్‌గిరిలో కాపురముండి నగరం ఆ చివర కొలువు చేసే మనిషికి నీరెండ యే పూట కనబడుతుంది? బయల్దేరేటప్పటికి పూర్తిగా తెల్లవారదు. యిల్లు చేరేటప్పటికి వీధిదీపాలు వెలుగుతాయి. ఆ మనిషికి సెలవు రోజున 'క్షణంలో జీవించడం యెలా' అనే తరగతి పెట్టిస్తారు. క్షణాలన్నీ తీసుకుని, వాటిలో జీవించే విద్య మాత్రం తిరిగి యివ్వడం! వ్యాపారంలో యింత లాభసాటి బేరం మరొకటి వుంటుందా?

కాఫీ మొదటి గుక్క సంగతి కూడా తేల్చుకుందాం, యెందుకంటే ఈ సాహిత్యమంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ఆ కాఫీ యెవరు కలిపారు? జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా జనం తమ రోజును యెలా గడుపుతున్నారో 2019లో ఒకసారి, 2024లో ఒకసారి లెక్క తీసింది. జీతం లేని యింటి పనిలో వున్న స్త్రీలు 2019లో దానికోసం రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు పెట్టారు. ఆ పని చేసిన పురుషులు 97 నిమిషాలు. 2024లో ఆ అంకెలు 289, 88. అయిదేళ్లలో ఆడవాళ్ల చాకిరీ పది నిమిషాలు తగ్గింది. మగవాళ్లది కూడా దాదాపు అంతే తగ్గింది. అంటే తేడా చెక్కు చెదరలేదు. గుక్కలోని అందాన్ని వర్ణించిన చెయ్యి కప్పు అందుకున్న చెయ్యి. కప్పు అందించిన చెయ్యి తన కాఫీ చల్లారిపోయాక నిలబడి తాగుతుంది. ఆవిడ అనుభవాన్ని చిన్న ఆనందాల సాహిత్యంలో వెదికి చూడండి. 'అమ్మచేతి కాఫీ' అనే మాట దొరుకుతుంది. అమ్మ తాగిన కాఫీ దొరకదు.

నిలబడడం, కూర్చోవడం లాంటి అతి మామూలు సంగతులకు కూడా రాజ్యాంగయంత్రం కదలవలసి వచ్చిన దేశం మనది. బట్టల దుకాణాలలో పొద్దుటినుంచి రాత్రివరకూ నిలబడి పనిచేసే అమ్మాయిలకు కూర్చునే హక్కు లేకపోతే, కేరళలో వాళ్లు యేళ్ల తరబడి ఆందోళన చేశారు. 2018లో అక్కడ చట్టం సవరించి, కూర్చోవడానికి యేర్పాటు వుండి తీరాలన్నారు. 2021లో తమిళనాడు ఆ దారి పట్టింది. పగలంతా నిలబడ్డ మనిషి పది నిమిషాలు కూర్చుని కాళ్లు చాపుకోవడంకంటె చిన్న ఆనందం ప్రపంచంలో వుందా? ఆ చిన్న ఆనందం ధ్యానంవల్ల రాలేదు, దృక్పథం మారడంవల్ల రాలేదు. సంఘం పెట్టుకుంటే వచ్చింది, కొట్లాడితే వచ్చింది, చట్టం మారితే వచ్చింది.

ఇక్కడ ప్రతిపక్షం వారికి ఒక ఆఖరి అస్త్రం వుంది. 'ఏమయ్యా, కూలివాళ్లు నవ్వడం లేదా, పాడడం లేదా? పేదవాడి యింట్లో వుండే సంతోషం మేడలో వుంటుందా?' అంటారు. ఈ మాట జవాబివ్వదగినది, యెందుకంటే ఇందులో సగం నిజం. శ్రమజీవులు పాడతారు. వారంతగా యెవరూ పాడలేదు. ఉస్మానియాలోనే ఆచార్యులుగా పనిచేసిన బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాలమీద పరిశోధన చేశారు. అది 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అన్న పేరుతో పుస్తకంగా వచ్చింది. పండితులు చెవిని కూడా తాకనివ్వని పాటలు విశ్వవిద్యాలయంలో పరిశోధన వస్తువయ్యాయి. దంపుళ్ల పాటలు, నాట్ల పాటలు, తిరగలి పాటలు చదివి చూడండి. అలసటను మరిపించే హాస్యముంది, యెత్తిపొడుపుంది, కన్నీళ్లున్నాయి. కాని ఒక సంగతి గమనించండి. దంపుడు పాట రోకటి పోటుకు లయ. బండ లేపేవాళ్లు అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టడానికి పాడుకుంటారు. ఆ అందం పనిలోంచి పుట్టి పనికి అక్కరకు వచ్చింది, నలుగురి మధ్యా పుట్టింది. పాట వుంది గదా, కూలి యెందుకని ఆ పాడినవాళ్లెవరూ అనలేదు. అలా అన్నవాళ్లు దొరలు.

బతుకమ్మ చూడండి. మామూలు వస్తువులోంచి అందం తీయడంలో తెలంగాణ ఆడవాళ్లకు గురువులు అక్కర్లేదు. తంగేడు, గునుగు, కట్ల: బీడు భూములలో, చేలగట్ల మీద యెవరూ విత్తకుండా మొలిచే పూలు. వాటిని వరసలుగా పేర్చి, మధ్యన పెట్టి, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. అందులో ఒంటరి మనిషి లేడు, ఒంటరి కన్ను లేదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఆ ఉయ్యాల పాటల బాణీలలోనే దొరల మీద పాటలు కట్టారు. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు, తంగేడును రాష్ట్ర పుష్పం చేశారు. సంతోషమే. కాని హైదరాబాదు చుట్టుపక్కల తంగేడు మొలిచే బీడు యేది? ప్లాట్లయింది. ఇవాళ తార్నాకలోనూ మల్కాజ్‌గిరిలోనూ ఆడవాళ్లు గునుగుపువ్వును బజారులో డబ్బిచ్చి కొంటున్నారు. ఊరి వెలుపల ఉచితంగా పూసిన పువ్వు సరుకుగా మారడానికి కారణం మన కళ్లు మందగించడమా? భూమి చేతులు మారింది. అంతే.

ఇప్పుడు మన శిబిరంలోని కఠినాత్ముల దగ్గరికి వస్తాను. మల్లెపువ్వును చూసి భయపడేవారు తమ పెద్దలు యేమన్నారో ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. సౌందర్యాన్ని జీవితంలోనే వెదకాలని చెర్నిషెవ్‌స్కీ 1855లో తన పరిశోధన వ్యాసంలో వాదించాడు. ప్రభువుల యింటి పాలిపోయిన చెక్కిళ్లకూ పల్లెటూరి పిల్ల ఆరోగ్యపు రంగుకూ వున్న తేడా వర్గాల జీవితంలోని తేడాయేనని నిరూపించాడు. 1936లో లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్, అందానికి మనం పెట్టుకున్న కొలబద్దనే మార్చాలన్నాడు. పొలంగట్టున బిడ్డను పడుకోబెట్టి చెమటోడ్చే తల్లిలో అందం చూడలేని కళాకారుడిది సంకుచిత దృష్టి అన్నాడు. కొలబద్దను మార్చమన్నాడుగాని, విరిచెయ్యమనలేదు! 1950లో పుస్తకరూపంలో వచ్చిన 'మహాప్రస్థానం'లో శ్రీశ్రీ, పూర్వులు కన్నెత్తి చూడని నిత్యవాడుక వస్తువులను కవిత్వంలోకి ఆహ్వానించాడు. చిన్న వస్తువును చూడడం మనకు పగవారు నేర్పిన విద్య కాదు. మనవాళ్లు నేర్పినదే.

మఖ్దూం మొహియుద్దీన్‌నే చూడండి. ఉస్మానియాలో చదివాడు, కార్మిక సంఘాలు నిర్మించాడు, తెలంగాణ పోరాట కాలంలో అజ్ఞాతవాసం చేశాడు, జైలుకు వెళ్లాడు. ఆయనే జాజిపందిరి కింద యిద్దరు ప్రేమికుల మీద 'చారాగర్' రాశాడు. 1969లో ఆయన 'బిసాతె రక్స్'కు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ జాజిపందిరి కింద నిలబడ్డందుకు మఖ్దూం కార్మికులకు దూరమయ్యాడా? 1912లో అమెరికాలోని లారెన్సు పట్టణంలో బట్టల మిల్లు కార్మికులు, చాలామంది పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన స్త్రీలే, సమ్మె చేశారు. ఆ సమ్మె చరిత్రలో 'రొట్టె, గులాబీలు' అనే పేరుతో నిలిచింది. 1886లో చికాగో కార్మికులు ప్రాణాలొడ్డి కోరిన ఎనిమిది గంటల పని దినానికి అర్థమేమిటి? తక్కిన గంటలు మావి అని. ఆ గంటలలో మేము నిద్రపోతాం, పిల్లలను ఆడిస్తాం, పొద్దుగుంకడం చూస్తామని. ఆ చూడడమే తప్పయితే యిక కోరికెందుకు, సమ్మె యెందుకు, మేడే యెందుకు? తీరికకోసం పోరాడమంటూ, ఆ తీరికలో మనిషి యేం చేస్తాడో రాయకూడదనడం వింత సిద్ధాంతం.

సరే, రాయవలసినది యేలాగు? ఒక ఉదాహరణ మన పాటలోనే వుంది. పసులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట యెరగని తెలుగువాడు అరుదు. పసుల వెంట పిల్లవాడు పోవడం ఆనాటి పల్లెలో యెంత మామూలు దృశ్యం! బొమ్మ గీసేవాడికి ముచ్చటైన వస్తువు. హనుమంతు ఆ పిల్లవాడిని యెంతో ప్రేమతో, దగ్గరగా చూశాడు. బట్టల చిరుగులు చూశాడు, కప్పుకున్న గోనె చూశాడు, కాళ్లలో ముళ్లు చూశాడు. చూసి, నీ జీతం యెంత, యెన్నాళ్లయింది కుదిరి, అని ఆరా తీశాడు. ఆరా తీయడంవల్ల ఆ దృశ్యంలోని మార్దవం చెడిపోయిందా? మరింత పెరిగింది. ప్రేమించి చూసినవాడే లెక్క అడుగుతాడు. లెక్క అడగని ప్రేమ తనను తాను మెచ్చుకోవడం.

అందుచేత మామూలు క్షణాన్ని రాసే రచయితలకు నేను చెప్పేది ఒకటే. రాయండి. మట్టివాసన గురించి రాయండి, ఆర్ట్స్ కాలేజీ రాతిమీద పడే యెండ గురించి రాయండి. ఆ వెయ్యెకరాల పైబడిన నేలలో డబ్బులేనివాడు కూడా చెట్టు నీడన కూర్చోగలుగుతున్నాడంటే, అది నగరం మొత్తంమీద మిగిలిన కొద్ది చోట్లలో ఒకటి అని కూడా రాయండి. ఆ నేలమీద ఆశపడే చేతులు తక్కువేమీ లేవు. అది ముక్కలైపోతే మీ నీరెండ పడడానికి స్థలమెక్కడ? తార్నాకలో రోడ్డు పక్కన చాయ్ తాగడంలోని హాయిని వర్ణించండి. కాని ఆ చాయ్ బండి మీద పొట్టపోసుకునే మనిషికి 2014 నాటి వీధి వర్తకుల చట్టం యిచ్చిన రక్షణ కాగితం మీదే వుందా, బండి నిలిచిందా అన్నది కూడా మీ కవిత్వానికి సంబంధించిన విషయమే. బండి పోతే హాయి పోతుంది.

విమర్శకులకు చెప్పేది కూడా ఒకటే. కవి ఆనందించాడా, దుఃఖించాడా అన్నది పరీక్ష కాదు. అతని ఆనందం యెవరినైనా నోరు మూసుకోమంటోందా అన్నది పరీక్ష. 'నాకు చాలు' అనే హక్కు యెవరికైనా వుంది. 'నీకు చాలు' అనే హక్కు యెవరికీ లేదు. మొదటి మాట తృప్తి. రెండో మాట పెత్తనం. చిన్న ఆనందాల సాహిత్యం మొదటి మాటతో మొదలై, పాఠకుడు యేమరుపాటుగా వున్నప్పుడు రెండో మాటలోకి జారుకుంటుంది. ఆ జారే చోటును పట్టుకోవడమే విమర్శ చేయవలసిన పని. మల్లెపువ్వులను తొక్కడం విమర్శ కాదు.

అందం అందరికీ వుచితమే అని చెప్పేవారిని నమ్మవద్దు. అందం పేదవాడికి అనవసరం అని చెప్పేవారినీ నమ్మవద్దు. రాయి కొట్టినవాడికి ఆ రాయిమీద యెండ పడే వేళ తీరుబడిగా కూర్చుని చూసే హక్కు వుంది. ఆ హక్కు లేనంతకాలం మనం వర్ణించే ప్రతి మామూలు క్షణంలోనూ అతని బాకీ కొంత వుంటుంది. బాకీ వున్న సంగతి దాచకుండా రాయడం నిజాయితీ. ఆ బాకీ తీర్చేవారి పక్షాన నిలబడి రాయడం అభ్యుదయం.